మీకు తెలుసా? బైరన్ బేలో గుడ్లు పొదిగేది ఆకుల కుప్ప!

ఆస్ట్రేలియా ప్రధాన భూభాగానికి తూర్పు కొస ఎక్కడుందో తెలుసా? బ్రిస్బేన్ నుంచి కారులో రెండు గంటలు దక్షిణానికి వెళ్తే వచ్చే బైరన్ బేలో. 1901 నాటి తెల్లటి లైట్‌హౌస్ ఆ కొస మీదే ఉంది. చంకన బోర్డు పెట్టుకుని అలల కోసం వచ్చేవాళ్లు, సముద్రం పక్కన టెంటు వేసుకుని నాలుగు రోజులు గడిపేవాళ్లు అక్కడ ఏడాది పొడవునా కనిపిస్తారు. పేరు వినగానే ఇంగ్లిష్ కవి బైరన్ గుర్తొస్తాడు కానీ, 1770లో కెప్టెన్ కుక్ ఈ కొసకు పెట్టింది ఆ కవి తాతగారి పేరు. ఆయన నావికుడు జాన్ బైరన్.

టెంటు వేశాక మిమ్మల్ని ముందుగా పలకరించేది బ్రష్ టర్కీ అనే పక్షి కావచ్చు. నల్లటి ఒళ్లు, ఈకల్లేని ఎర్రటి తల, మగదానికి మెడ కింద పసుపు పచ్చటి తిత్తి. రొట్టెల సంచి బయట మరిచిపోతే చింపి పోగులు పెడుతుంది. విసుక్కునే ముందు దాని సంసారం ఒకసారి చూడండి. మగపక్షి ఎండుటాకులనూ మట్టినీ కాళ్లతో వెనక్కి తన్నుతూ తన్నుతూ మనిషి నడుమెత్తు కుప్ప పోస్తుంది. బరువు టన్నుల్లో ఉంటుంది. ఆడపక్షులు వచ్చి అందులో గుడ్లు పెట్టి తమ దారిన తాము పోతాయి. ఇక పొదగడం కుప్ప వంతు. చలికాలం పొద్దున మన ఊళ్లలో పెంటకుప్ప తవ్వితే ఆవిరి లేస్తుంది కదా, అదే వేడి. మగపక్షి ముక్కు లోపలికి గుచ్చి చూసుకుంటుంది. వేడి పెరిగితే ఆకులు లాగేస్తుంది, తగ్గితే మళ్లీ కప్పుతుంది. అలా 33 డిగ్రీల దగ్గర నిలబెడుతుంది. గుడ్ల కోసం ఉడుము వస్తే దాని మీదికి మట్టి తన్ని తరుముతుంది.

దాదాపు ఏడు వారాలకు పిల్ల తనంతట తానే తవ్వుకుని పైకొస్తుంది. అమ్మ ఎప్పుడో వెళ్లిపోయింది. నెలల తరబడి కాపలా కాసిన నాన్న ఆ పిల్లను పట్టించుకోడు. ఎవరూ నేర్పకుండానే అది కొన్ని గంటల్లో ఎగురుతుంది! పక్షుల్లో ఇంతటి ఒంటరి పుట్టుక గురించి నేను మరెక్కడా వినలేదు.

ఇక సముద్రం వైపు వస్తే, బైరన్ బేలో సర్ఫర్లు మెచ్చే చోటు 'ది పాస్'. దక్షిణం నుంచి వచ్చే అల కొండకొసను చుట్టుకుని, ఇసుక మేట వెంట ఒక చివర నుంచి మెల్లగా విరుగుతూ పోతుంది. అందుకే బోర్డు మీద చాలాసేపు సాగిపోవచ్చు. ఆ అల డాల్ఫిన్లకూ ఇష్టమే. బోర్డు పక్కనే నీళ్లలో బూడిదరంగు వీపు జారిపోతే కంగారు పడకండి, అదీ మీలాగే అల ఎక్కడానికి వచ్చింది.

జూన్ నుంచి నవంబరు దాకా హంప్‌బ్యాక్ తిమింగలాలు ఈ కొస ముందు నుంచే వెళ్తాయి. అంటార్కిటికా చలి నుంచి ఉత్తరాన వెచ్చటి నీళ్లకు ప్రసవానికి పోయి, తిరుగుదారిలో పిల్లలను వెంటబెట్టుకుని వస్తాయి. ఇదే ఊళ్లో 1954 నుంచి 1962 వరకు తిమింగలాల వేట కేంద్రం నడిచింది. అది మూతపడింది జాలితో కాదు, పట్టడానికి తిమింగలాలు మిగలక. తూర్పు తీరంలో అప్పటికి కొన్ని వందలే ఉన్నాయి. వేట ఆగాక అవి కోలుకుని, 2015 నాటికి 24 వేలు దాటాయి. ఇప్పుడు పడవలు తిమింగలానికి 100 మీటర్లు, పక్కన పిల్ల ఉంటే 300 మీటర్లు ఎడంగా ఉండాలి.

బ్రిస్బేన్, గోల్డ్ కోస్ట్‌లలో ఉండే మన తెలుగువాళ్లకు ఇది దగ్గరే. సెప్టెంబరు, అక్టోబరుల్లో వెళ్తే తల్లీపిల్లా తిమింగలాలు, ఆకుల కుప్పలు రెండూ చూడొచ్చు. పక్షులకు తిండి మాత్రం పెట్టకండి. కుప్ప కనిపిస్తే మీ టెంటు కాస్త అవతలగా వేసుకోండి.