నఖానే మిశ్రగానము: మతము, ఆచారము, స్వత్వము

దక్షిణాఫ్రికా క్రైస్తవ మందిరములు బృందగానమునకు పేరుగన్నవి. ఆ గానమున పెరిగిన కంఠము ఆ మతమే నిషేధించిన ప్రేమను పాడవలసి వచ్చినపుడు గానరూప మెట్లు మారును? ఈ ప్రశ్నకు నఖానే కృతులలో సమాధానము కలదు.

నఖానే 1988లో ఈస్టర్న్ కేప్ ప్రాంతమునందలి ఆలిస్ పట్టణమున ఖోసా కుటుంబమున జన్మించి, పోర్ట్ ఎలిజబెత్‌లో పెరిగిరి. వీరు స్వలింగప్రేమికులు, స్త్రీపురుష విభాగమునకు తాము లోబడమని ప్రకటించినవారు. అందుచే ఆంగ్లమున వీరిని బహువచన సర్వనామముతో పేర్కొందురు. తెలుగున గౌరవవాచకమగు 'వారు' లింగభేదమును చూపదు కావున ఆ చిక్కు లేదు.

యౌవనమున వీరు బాప్టిస్టు సంఘమున చేరి, తమ స్వభావము ప్రార్థనచే నయమగునని నమ్మి కొన్ని సంవత్సరములు గడపిరి. పిదప ఆ విశ్వాసమును వీడిరి. తొలి సంపుటము 'బ్రేవ్ కన్‌ఫ్యూజన్' (2013) గిటారు ప్రధానము. 'యూ విల్ నాట్ డై' (2018) సంపుటమున పియానోతోపాటు ఎలక్ట్రానిక్ ధ్వనులు ప్రవేశించెను. కంఠము మంద్రస్థాయినుండి తారస్థాయికి ఎగయును. అమెరికా నల్లజాతివారి 'సోల్' గానము భక్తిగీతమునుండి పుట్టినది. దైవమును పిలిచిన స్వరముతోనే అది ప్రియురాలిని పిలిచెను. నఖానే ఆ త్రోవనే మరియొక యడుగు వేసి పురుషుని సంబోధించిరి. మతమును వీడినను దాని స్వరమును వీడలేదు.

ఇందులకు మూల్యము చెల్లింపవలసి వచ్చెను. ఖోసా యువకుల సున్తీ దీక్షయగు 'ఉల్వలుకో' నేపథ్యముగా జాన్ ట్రెన్‌గోవ్ నిర్మించిన 'ఇన్‌క్సెబా' (2017) చిత్రమున నఖానే ప్రధానపాత్ర ధరించిరి. ఆ పేరునకు 'గాయము' అని యర్థము. రహస్యమగు దీక్షను బయటపెట్టిరని ఆగ్రహించినవారు వీరికి ప్రాణభయము కల్పించిరి. 2018 ఫిబ్రవరిలో చిత్రమును అశ్లీల చిత్రముల శ్రేణికి మార్చుటచే అది సాధారణ ప్రదర్శనశాలలనుండి తొలగెను. జూన్ నెలలో ప్రిటోరియా ఉన్నత న్యాయస్థానము ఆ నిర్ణయమును కొట్టివేసెను. లైంగిక ప్రవృత్తినిబట్టి వివక్ష చూపరాదని 1996 నాటి రాజ్యాంగమే శాసించిన దేశమున ఇది జరిగినది. శాసనమునకును ఆచారమునకును నడుమనున్న దూరము దీనివలన తెలియుచున్నది.

2023లో వెలువడిన సంపుటమునకు 'బాస్టర్డ్ జార్గన్' అని పేరు. ఇందు నృత్యలయ ప్రధానము. 'సంకర పరిభాష' యను నిందార్థమును నఖానే బిరుదముగా గైకొనిరి. శుద్ధినే కోరు మతమునకును ఆచారమునకును ఈ మిశ్రమమే వీరి ప్రత్యుత్తరము.