ప్లాస్టిక్ నమూనాలకు పలుచని రంగు: పూసే విధానం, పాటించవలసిన జాగ్రత్తలు

కొత్తగా అతికించిన ప్లాస్టిక్ లారీ నమూనా నిగనిగలాడుతూ ఉంటుంది. ధర్మపురి నుండి సేలం వెళ్ళే దారిలో తొప్పూరు కనుమ దిగే అసలు లారీ అలా ఉండదు. దాని చక్రాల చుట్టూ ఎర్రమట్టి, తలుపు సందులలో నల్లని మురికి, బోల్టుల క్రింద తుప్పు చారలు కనిపిస్తాయి. పాఠశాల ప్రదర్శనలకు నమూనాలు చేసే విద్యార్థులు ఈ గుర్తులను పలుచని రంగుతో తేవచ్చును. ఈ పూతను ‘వాష్’ అంటారు.

చిక్కని రంగు ఉపరితలమంతటినీ కప్పివేస్తుంది. బాగా పలుచబడిన రంగు సందులలోనికి పారుతుంది. ద్రవం ఆవిరైన పిదప రంగు రేణువులు అక్కడే మిగిలిపోతాయి. దీపపు వత్తి నూనెను పీల్చుకొనేది కూడా ఈ కేశనాళికీయత వలననే.

ఏ రంగుకు ఏ ద్రవం?

ఎనామెల్ రంగుకు టర్పెంటైన్, అక్రిలిక్ రంగుకు నీరు వాడవలెను. ఒక వంతు రంగుకు సుమారు పది వంతుల ద్రవం కలిపితే వాష్ సిద్ధమవుతుంది. నీటి రంగు బొట్లుగా ముడుచుకొంటే, గిన్నెలు తోమే సబ్బు ద్రవం ఒక చుక్క చేర్చిన చాలును.

ఎన్.సి. థిన్నర్, గోళ్ళరంగు తుడిచే ఎసిటోన్ మాత్రం వాడరాదు. ఈ నమూనాలు ఎక్కువగా పాలీస్టైరీన్‌తో తయారవుతాయి. ఆ ద్రవాలు దానిని కరిగించి, వారాల శ్రమను నిమిషాలలో పాడుచేస్తాయి. పెట్రోలు వలన ప్లాస్టిక్ దెబ్బతినుటే గాక అగ్నిప్రమాదం కూడా కలుగవచ్చును. భాగాలను పట్టి ఉంచే చట్రం నుండి ఒక ముక్క తీసి, ముందుగా దానిపై పరీక్షించుట మేలు.

పూసే క్రమం

అడుగు పూత ఒక రకం, వాష్ మరొక రకం కావలెను. ఎనామెల్‌పై ఎనామెల్ వాష్ పూస్తే టర్పెంటైన్ అడుగు రంగును లేపివేయవచ్చును. అక్రిలిక్ రంగు వేసి, పూర్తిగా ఆరిన తరువాత అక్రిలిక్ మెరుపు వార్నిష్ పూసి, అది కూడా ఆరిన పిదప ఎనామెల్ వాష్‌ను కుంచె కొనతో సందులకు తాకించవలెను. ద్రవం మడుగు కట్టకుండా చూడవలెను. టర్పెంటైన్ నిలిచిన చోట ప్లాస్టిక్ పెళుసుబారవచ్చును. అధికమైన రంగును, టర్పెంటైన్‌లో ముంచి పిండిన కుంచెతో, వాన నీరు జారే దిశలో పైనుండి క్రిందికి తుడవవలెను.

చివరగా మన చేని ఎర్రమన్నును వస్త్రగాలితం చేసి, నీటితోను, కొద్దిపాటి ఫెవికాల్‌తోను కలిపి చక్రాలకు, అడుగు భాగానికి పూయవచ్చును. గోడకు సున్నం వేసేటప్పుడు పలుచగా రెండు మార్లు వేసినట్లే, ఇచ్చట కూడా కొద్దికొద్దిగా వేయుటే మంచిది.

తల్లిదండ్రులు గమనించవలసినవి

టర్పెంటైన్ పనిని పెద్దల సమక్షంలో, గాలి వచ్చే వసారాలో, పొయ్యికి దూరంగా చేయించవలెను. ఆ ద్రవాన్ని త్రాగునీటి సీసాలలో ఎన్నడూ పోయరాదు. గృహావసర రంగులలో సీసం 90 పీపీఎమ్ మించరాదన్న కేంద్ర నిబంధన 2016లో వెలువడి, 2017 నవంబరు నుండి అమలులోనికి వచ్చినది. అంతకు పూర్వపు పాత డబ్బాలను, ఆ నిబంధన వర్తించని పారిశ్రామిక రంగులను పిల్లలకు ఇవ్వరాదు. సీసం పిల్లల మెదడు ఎదుగుదలకు హాని చేస్తుంది; ఇంత వరకు ఫరవాలేదన్న పరిమితి దానికి లేదు. పని ముగిసిన వెంటనే సబ్బుతో చేతులు కడిగించి, ఆ తరువాతనే అన్నం పెట్టవలెను.