ముసలివారి తుంటియెముక విఱిగినప్పుడు

వానకాలమున పెరటి గచ్చు నాచుపట్టి యుండును. తెల్లవాఱకమునుపే లేచిన అవ్వ కాలు జాఱి పడును. నెత్తురు కాఱదు, గాయము కానరాదు, కాని లేవలేదు. ఆ కాలు రెండవదానికంటె పొట్టియై, పాదము వెలుపలికి వాలియున్నచో తుంటికడ తొడయెముక విఱిగినదని చాలవఱకు తలంపవచ్చును. ఈ గుర్తులు లేకయే విఱుగుటయు గలదు. కావున పడిన పిమ్మట కాలు మోపలేని వృద్ధులకు ఎక్స్‌రే తీయింపక మానరాదు.

“ఈ వయస్సున కోత యెందుకు? కట్టు కట్టించి పండుకొనబెట్టుదము” అని ఇంటివారు సాధారణముగా ననుచుందురు. ఇది ప్రేమచే బుట్టిన మాటయే, కాని హాని చేయు మాట. మణికట్టు విఱిగిన కట్టుతో నతుకుకొనవచ్చును. తుంటిని కట్టు పట్టి నిలుపజాలదు. అదియునుగాక తొడయెముక తలకు నెత్తురు చేర్చు నాళములు దాని మెడ నంటియే పోవును. మెడ విఱిగి తొలగినచో నవి తెగును. నెత్తురందక తల చెడును. ఇక వారములకొలది కదలక పడియున్న ముసలివారికి పడకపుండ్లు, ఊపిరితిత్తులలో న్యుమోనియా, కాళ్లలో నెత్తురు గడ్డకట్టుట కలుగును. విఱుగుటకంటె ఈ పడకయే యెక్కువ ప్రమాదకరము.

ఈ చికిత్స క్రొత్తది కాదు. అమెరికాలోని బోస్టను నగర వైద్యుడు స్మిత్ పీటర్సన్ మూడు ఱెక్కల లోహపు మేకుతో మెడను బిగించు విధానమును 1931 లో ప్రకటించెను. ఇప్పుడు వృద్ధులకు మెడ విఱిగి తొలగినచో తలను తీసి లోహపు తలను అమర్చుదురు. అంతవఱకు చక్కగా నడచుచుండినవారికి కీలంతయు మార్చుటయు గలదు. మెడకు దిగువ విఱిగినచో మరతోను పలకతోను గాని, ఎముకలోనికి కడ్డీ దూర్చి గాని బిగింతురు. నడుమునకు సూదిమందిచ్చి చేయుటయు గలదు గనుక మత్తునకు మిక్కిలి భయపడ నక్కఱలేదు.

ఆస్పత్రికి చేరిన దినముననో మఱునాడో శస్త్రచికిత్స చేయవలెననియు, ఆ మఱునాడే రోగిని లేపవలెననియు ఇంగ్లండులో 2011 లో వెలువడిన వైద్య నిబంధనలు చెప్పుచున్నవి. ఆరుగంటలలోనే చేసిన మరణములు తగ్గునా యని మన దేశముతోగూడ 17 దేశములలో 2,970 మంది రోగులను పరిశీలించి 2020 లో ఫలితములు ప్రకటించిరి. మరణములు తగ్గలేదు, మతి తప్పుట మాత్రము తగ్గెను, రోగులు త్వరగా లేచిరి. అనగా గంటలకై కంగారు వలదు, కాని దినములు జరుపరాదు. గుండెజబ్బో మధుమేహమో యున్నచో వైద్యులు దానిని సరిచూచుకొందురు. పాడిగేదె పడినరాత్రియే వైద్యునికై పరుగిడు మనము “పంట అమ్మిన పిమ్మట చూతము” అని తల్లిని మంచముపై నుంచుట యేమి లెక్క?

శస్త్రచికిత్స చేసినను అందఱును మునుపటివలె నడువలేరు. కొందఱు ఏడాదిలోగా మరణించుటయు గలదు. ఈ సంగతి దాచరాదు. అయినను నొప్పి తగ్గి కూరుచుండి తినగలుగుట చిన్నది కాదు. పిదప ఎముకల బలమునకు మందు అడిగి తీసికొనవలెను, ఏలయన ఒకమాఱు విఱిగినవారికి రెండవ తుంటియు విఱుగు భయము హెచ్చు.

పడినవారిని లాగరాదు, తుంటిని నూనెతో మర్దింపరాదు. కాలు కదలకుండ ఇరుప్రక్కల దిండ్లు పెట్టి మంచముతోనే బండి యెక్కింపుడు. వారు వాడు మందులచీట్లు, ముఖ్యముగా నెత్తురు పలుచనచేయు మందుల వివరము, వెంట తీసికొని పొండు.