బటన్ వచ్చేదాకా ఎంతసేపు ఆగాలి?

డబ్బు కట్టే పేజీ తెరుచుకుంటోంది. బటన్ కనిపించింది గాని ఇంకా బూడిదరంగులోనే ఉంది. మనమైతే అది రంగు మారేదాకా చూసి నొక్కుతాం. అలా ఆగామన్న సంగతి కూడా గుర్తుండదు. అదే పని ప్రోగ్రామ్‌తో చేయించబోతే ఈ కాస్త ఓపికే పెద్ద తలనొప్పి. వెబ్‌సైట్లను ఆటోమేటిగ్గా పరీక్షించే సాధనాల మధ్య అసలు తేడా ఇక్కడే ఉందని నా అభిప్రాయం. వాటిని పోల్చే పట్టికల్లో మాత్రం ఈ విషయం ఎక్కడో అడుగున ఉంటుంది.

వీటిలో పెద్దది సెలీనియం. షికాగోలో థాట్‌వర్క్స్ కంపెనీలో పనిచేస్తున్న జేసన్ హగ్గిన్స్ 2004లో దీన్ని మొదలుపెట్టాడు. హైదరాబాద్ అమీర్‌పేటలో టెస్టింగ్ కోర్సు చేసినవాళ్లకు కొత్తగా పరిచయం చేయనక్కర్లేదు. ఇది బ్రౌజర్ బయట నిలబడి పనిచేస్తుంది. ‘ఈ బటన్ నొక్కు’ అని మన టెస్టు చెబితే ఆ ఆదేశం డ్రైవర్ అనే మధ్యవర్తికి చేరుతుంది. క్రోమ్‌కు క్రోమ్‌డ్రైవర్, ఫైర్‌ఫాక్స్‌కు గెకోడ్రైవర్. ఆ డ్రైవర్ బ్రౌజర్ చేత నొక్కిస్తుంది. ఈ పద్ధతి 2018లో డబ్ల్యూ3సీ అనే వెబ్ ప్రమాణాల సంస్థ ప్రమాణమైంది. అందుకే ప్రధాన బ్రౌజర్లన్నీ దీనికి లొంగుతాయి. జావా, పైథాన్, సీషార్ప్ లాంటి పలు భాషల్లో టెస్టు రాసుకోవచ్చు.

చిక్కల్లా, పేజీ సిద్ధమైందో లేదో టెస్టు రాసేవాడే ఆలోచించి, దేనికోసం ఆగాలో చెప్పాలి. అంత ఓపిక లేనివాడు ‘5 సెకన్లు ఆగు’ అని రాసి పడేస్తాడు. అలాంటివి 300 టెస్టులుంటే, ఒకదాని తర్వాత ఒకటి నడిపినప్పుడు 25 నిమిషాలు ఊరికే నిలబడటానికే సరి. పోనీ అంత ఆగినా, సర్వర్ మందగించిన రోజున బటన్ ఆరో సెకనుకు వస్తుంది. కోడ్‌లో ఏ తప్పూ లేకుండానే టెస్టు ఫెయిల్.

నిన్న పాసై, ఇవాళ ఫెయిలై, మళ్లీ నడిపితే పాసయ్యే ఇలాంటివాటిని టీముల్లో ఫ్లేకీ టెస్టులంటారు. గూగుల్ 2016లో తన లెక్కలు బయటపెట్టింది. అక్కడి టెస్టుల్లో దాదాపు 16 శాతానికి ఎంతోకొంత ఈ జబ్బుంది. పాస్ నుంచి ఫెయిల్‌కు మారిన సందర్భాల్లో సుమారు 84 శాతం వీటితో ముడిపడినవే. అంత పెద్ద కంపెనీలోనే అలా ఉంటే పదిమంది టీము సంగతి చెప్పాలా? ఫెయిల్ కనబడగానే ‘రీరన్’ నొక్కడం అలవాటైపోతుంది. ఆ అలవాటులో నిజమైన బగ్ కూడా కొట్టుకుపోతుంది.

ఈ ఆగడమనే చిక్కుకు సైప్రెస్ అనే మరో సాధనం వేరే దారి పట్టింది. టెస్టునే తీసుకెళ్లి బ్రౌజర్ లోపల, అప్లికేషన్ పక్కనే కూర్చోబెట్టింది. లోపల జరిగేదంతా దానికి కనిపిస్తుంది. బటన్ దొరక్కపోతే తనంతట తానే మళ్లీమళ్లీ వెతుకుతుంది. తప్పు ఎక్కడ జరిగిందో స్క్రీన్ మీద వెనక్కి జరిపి చూసుకోవచ్చు. కొత్తగా నేర్చుకునేవాడికి ఇంతకంటే సుఖమైనది లేదు. కాకపోతే లోపల కూర్చున్నందుకు కొన్ని కట్టుబాట్లున్నాయి. టెస్టులు జావాస్క్రిప్ట్‌లోనో టైప్‌స్క్రిప్ట్‌లోనో రాయాలి. రెండు ట్యాబ్‌లను ఒకేసారి నడపడం సొంతంగా దాని వల్ల కాదు.

గూగుల్‌లో పపెటీర్ అనే ఇలాంటి సాధనాన్ని కట్టిన బృందంలోని కొందరు మైక్రోసాఫ్ట్‌కు వెళ్లి 2020లో ప్లేరైట్ తెచ్చారు. ఇదీ బయటే నిలబడుతుంది, కానీ బ్రౌజర్‌తో తెగని సంభాషణ నడుపుతూ ఉంటుంది. నొక్కే ముందు తానే చూసుకుంటుంది: బటన్ కనిపిస్తోందా, పనిచేసే స్థితిలో ఉందా, దాని మీద ఇంకేదైనా అడ్డొచ్చిందా అని. కదలకుండా ఉందా అన్నది కూడా చూస్తుంది. వరుసగా రెండు యానిమేషన్ ఫ్రేముల్లో బటన్ ఒకే చోట ఉంటేనే నిలిచినట్టు లెక్క. కొత్తగా మొదలుపెట్టే టీముకు నేనైతే దీన్నే చెబుతాను. అయితే ఇప్పటికే వేలకొద్దీ సెలీనియం టెస్టులు సవ్యంగా నడుస్తున్నచోట మోజు కొద్దీ మార్చడం డబ్బు దండగ.

ప్లేరైట్ ఎంచుకున్నా ఒకటి గుర్తుంచుకోవాలి: దానితో వచ్చే వెబ్‌కిట్ అనే బ్రౌజర్ ఇంజన్, ఐఫోన్‌లోని సఫారీ అచ్చంగా ఒకటి కావు. అసలు ఫోన్లలోనే చూడాలంటే బ్రౌజర్‌స్టాక్ లాంటి అద్దె సేవలున్నాయి. 2011లో రితేష్ అరోరా, నకుల్ అగర్వాల్ మన దేశంలో స్థాపించిన కంపెనీ అది. ఒకేసారి ఎన్ని టెస్టులు నడుపుతారన్న దాన్నిబట్టి బిల్లు పెరుగుతుంది గనుక ప్రతి టెస్టునూ అక్కడికి పంపక్కర్లేదు.

ఇక ‘తమను తామే బాగుచేసుకునే’ టెస్టులంటూ ఏఐ సాధనాలు అమ్ముతున్నారు. బటన్ గుర్తు మారితే దగ్గరగా ఉన్న మరోదాన్ని పట్టుకుంటాయి. చిన్నచిన్న మార్పులకు మంచిదే. కానీ ‘చెల్లించు’ నిజంగానే మాయమై, పక్కనున్న ‘రద్దు చేయి’ని పట్టుకుని పాస్ అంటే? ఏమేం మార్చుకుందో రాసి చూపించని సాధనాన్ని నేను నమ్మను.

ఏది కొనాలన్నా ముందు ఓ పరీక్ష పెట్టండి. మీ టెస్టుల్లో బాగా సతాయించే ఇరవైని ఆ సాధనంలో రాసి, కోడ్‌లో అక్షరం కూడా మార్చకుండా రాత్రంతా తిప్పించండి. పొద్దున్నే ఎన్ని టెస్టులు మాట మార్చాయో లెక్కపెట్టుకుని, ఆ తర్వాత సేల్స్ వాళ్లతో మాట్లాడండి.