గిడ్డంగి పని, బట్వాడా బండి: చేతికి మిగులునది ఎంత?

నౌపడ అనగానే ఉప్పు జ్ఞాపకమునకు వచ్చును. శ్రీకాకుళం జిల్లా సంతబొమ్మాళి మండలములోని ఈ గ్రామమున సముద్రపు నీటిని మడులలో ఎండగట్టి ఉప్పు పండించుట తరతరములుగా వచ్చుచున్న వృత్తి. కాని పండినంత మాత్రమున ఉప్పు తినువాని ఇంటికి చేరదు. మడి నుండి రాశికి, రాశి నుండి బస్తాకు, బస్తాతో బండికి, బండిపై అంగడికి చేరవలెను. ప్రతి మజిలీలోను ఒక మనిషి భుజము దానిని మోయవలసినదే.

1900 సంవత్సరమున పర్లాకిమిడి సంస్థానమువారు నౌపడ నుండి పర్లాకిమిడికి చిన్న రైలు మార్గమును వేయించిరి. తరువాత అది గుణుపురము వరకు సాగినది. 2004లో చిన్న రైలు నిలిచిపోయినది. 2011లో అదే మార్గమున బ్రాడ్‌గేజి రైలు నడచుట మొదలైనది. ఇదే మండలమున మూలపేట వద్ద 2023 ఏప్రిల్ 19న పోర్టు నిర్మాణమునకు శంకుస్థాపన జరిగినది. పోర్టు వెలసినచోట గిడ్డంగులు, లారీలు, ఎగుమతి దిగుమతి పనులు వెంటవచ్చుట సహజము. ఈ లోపల మన యువకులు విశాఖపట్టణమునకు, హైదరాబాదునకు, చెన్నైకి పోయి పెద్ద గిడ్డంగులలోను, మోటారు సైకిళ్లపై సరకులు ఇంటింటికి చేర్చు పనిలోను ప్రవేశించుచున్నారు. ఊరు విడుచు యువకుడు మొదట సలహా అడుగునది తన వార్డు సభ్యునినే. కావున ఈ పనుల స్వభావమును పంచాయతీ సభ్యులు చక్కగా ఎరిగియుండుట అవసరము.

జట్టు పని

మన ప్రాంతమున బస్తాలు మోయువారిని కళాసీలందురు. వీరు జట్టుగా, అనగా ముఠాగా పనిచేయుదురు. ముందు నిలిచి బేరము కుదుర్చువాడు మేస్త్రి. కూలి బస్తా లెక్కను వచ్చును. వచ్చిన సొమ్మును జట్టువారు పంచుకొందురు. ఒక గూడ్సు పెట్టెలో సుమారు 60 టన్నుల సరకు పట్టునని అనుకొన్నచో అది 50 కిలోల బస్తాలు 1,200 అగును. పన్నెండుగురు జట్టు దానిని దింపినచో ఒక్కొక్కని వంతు 100 బస్తాలు, అనగా 5 టన్నులు. ఈ భారము ఒక్క పూటలో ఒక్క మనిషి భుజముపై నడచిపోవును.

అంతర్జాతీయ కార్మిక సంస్థ 1967లో వయోజనుడైన పురుషుడు ఒంటరిగా మోయు బరువు 55 కిలోలకు మించరాదని సిఫారసు చేసినది. బరువు హద్దులో ఉన్నను, ఎన్నిసార్లు మోయవలెనన్నది మరియొక ప్రశ్న. నడుము పట్టి ఇంట పడియున్న దినమున కళాసీకి జట్టులో వంతు ఉండదు. ఇట్టివారి కొరకే మన రాష్ట్రమున 1976లో ముఠా, జట్టు, హమాలీ పనివారి చట్టము చేయబడినది. 1957లో కేంద్ర గిడ్డంగుల సంస్థ, 1958లో రాష్ట్ర గిడ్డంగుల సంస్థ, 1965లో భారత ఆహార సంస్థ ఏర్పడి ధాన్యము పాడుకాకుండ నిలువచేయు ఏర్పాటు కలిగినది. ఆ ధాన్యమును మోయువాని నడుమును గూర్చియు అంతటి శ్రద్ధ వహింపవలసియున్నది.

నగరపు గిడ్డంగి

నేటి పెద్ద గిడ్డంగిలో పని వేరు విధముగా ఉండును. సరకులు వేలకొలది అరలలో ఉండును. ఏ అర వద్దకు పోయి ఏ వస్తువు తీయవలెనో పనివాని చేతిలోని చిన్న యంత్రము చెప్పును. ఒకరు తీయుదురు, ఒకరు పెట్టెలో కట్టుదురు, ఒకరు ఊరి వారీగా వేరుచేయుదురు. గంటకు ఎన్ని వస్తువులు తీసినది యంత్రమే లెక్క వ్రాయును. బరువు తక్కువే, కాని పొద్దస్తమానము నిలువు కాళ్లపై నడక తప్పదు. పండుగల కాలమున ఎక్కువమందిని చేర్చుకొని, ఆ పిమ్మట తగ్గించుటయు కలదు. నియామకము తరచు కంట్రాక్టరు ద్వారా జరుగును.

2024 జూన్‌లో జాతీయ మానవ హక్కుల కమిషన్ పత్రికలలోని ఒక వార్తను తనకు తానై స్వీకరించి విచారణకు పూనుకొన్నది. హర్యానాలోని మానేసర్ వద్దనున్న ఒక గిడ్డంగిలో ఆరు లారీల సరకు దింపువరకు మంచినీటికిగాని, మరుగుదొడ్డికిగాని పోమని పనివారిచేత ప్రతిజ్ఞ చేయించిరన్నది ఆ వార్త. లెక్కకు ఎక్కువ విలువయిచ్చి మనిషికి తక్కువ విలువయిచ్చినచో పని ఏ రూపము దాల్చునో దీనివలన తెలియును.

జిల్లాలోని అనుభవము

బట్వాడా పని మనకు క్రొత్త కాదు. రేషన్ బియ్యమును ఇంటింటికి చేర్చు ప్రయోగము 2019 సెప్టెంబరులో మన శ్రీకాకుళం జిల్లాలోనే ఆరంభమైనది. 2021లో రాష్ట్రమంతట 9,260 వాహనములను సబ్సిడీతోను, బ్యాంకు అప్పుతోను నిరుద్యోగ యువకులకు ఇచ్చిరి. వాహనదారునికి నెలకు ముట్టు మొత్తమును 21,000 రూపాయలకు పెంచిరి. అయితే సహాయకుని కూలి, ఇంధనము ఖర్చు అందులోనివే. 2025 జూన్ 1 నుండి బియ్యము తిరిగి రేషన్ దుకాణములలోనే ఇచ్చుట మొదలైనది. 65 ఏండ్లు దాటిన వృద్ధులకు, దివ్యాంగులకు మాత్రము ఇంటికి చేర్చు ఏర్పాటు నిలిచినది.

ఈ అనుభవము రెండు సంగతులు నేర్పుచున్నది. చేతికి వచ్చు సొమ్మంతయు కూలి కాదు. ఖర్చులు పోగా మిగిలినదే కూలి. బండి కొనుటకు ముందు ఆ పని ఎన్నాళ్లు నిలుచునో ఆలోచింపవలెను.

ఈ లెక్కను నగరమున ఫోను ద్వారా పని పొంది భోజనము, సరకులు చేర్చు యువకునికి అన్వయించి చూడుడు. ఉదాహరణకు అతనికి దినమునకు 900 రూపాయలు వచ్చెననుకొందము. పెట్రోలు 200, బండి వాయిదా 150, మరమ్మతు, ఫోను ఖర్చు 50 పోగా మిగులునది 500. పదకొండు గంటలు వీధిలో ఉన్నచో గంటకు రమారమి 45 రూపాయలు మాత్రమే. ఆర్డరు కొరకు వేచియుండు కాలమును సైతము పని కాలముగనే లెక్కింపవలెను. వానలో జారిపడి కాలు విరిగిన దినమున ఆ 500 కూడ రావు. బండి వాయిదా మాత్రము ఆగదు.

చట్టము ఇచ్చిన అండ

నీతి ఆయోగ్ 2022లో ప్రకటించిన అంచనా ప్రకారము 2020–21లో దేశమున ఇట్టి పనివారు 77 లక్షల మంది. వీరిని చట్టములో మొదటిసారిగా పేర్కొన్నది 2020 నాటి సామాజిక భద్రతా కోడ్. అది 2025 నవంబరు 21న అమలులోనికి వచ్చినది. దీని ప్రకారము పని చూపు కంపెనీలు తమ వార్షిక టర్నోవరులో నూటికి 1 నుండి 2 వంతులు పనివారి సంక్షేమ నిధికి చెల్లింపవలెను. దీని ఫలము పొందుటకు పనివాడు తన పేరు నమోదు చేసికొనవలెను. నమోదు లేనివానికి చట్టము ఉన్నను లేనట్లే.

పంచాయతీ చేయదగినది

ఒకటి: పనికై ఊరు విడుచువారి పేరు, పోవు ఊరు, కంట్రాక్టరు పేరు, ఇంటివారి ఫోను నంబరు ఒక పుస్తకమున వ్రాసియుంచవలెను. ఆపద వచ్చినపుడు ఎవరిని అడుగవలెనో తెలియును.

రెండు: 2021 ఆగస్టు 26న ఆరంభమైన ఇ-శ్రమ్‌లో అర్హులందరిచేత పేరు నమోదు చేయింపవలెను. ఆధార్, దానితో కలిపిన ఫోను నంబరు, బ్యాంకు ఖాతా ఉన్నచో చాలును.

మూడు: ప్రధానమంత్రి సురక్షా బీమాను గూర్చి తెలుపవలెను. 18 నుండి 70 ఏండ్లవారు సంవత్సరమునకు 20 రూపాయలు చెల్లించినచో, ప్రమాదమున మరణించినవాని కుటుంబమునకు 2 లక్షలు, శాశ్వతముగా పాక్షిక వైకల్యము కలిగినవానికి ఒక లక్ష వచ్చును. ఈ సొమ్ము ఖాతా నుండి ఏటేట తీసికొనబడును. మే నెలాఖరున ఖాతాలో ఆ 20 రూపాయలు లేనిచో బీమా ఆగిపోవును.

నాలుగు: గిడ్డంగిలో చేరువాడు అడుగవలసిన ప్రశ్నలు నేర్పవలెను. పని ఎన్ని గంటలు? అదనపు గంటలకు రెట్టింపు కూలి కలదా? భవిష్యనిధి, ఇ.ఎస్.ఐ. కోతలు జీతపు చీటీలో చూపుదురా? కోత కోసి కట్టని కంట్రాక్టరులు లేకపోలేదు. కావున ఆ నంబర్లను పనివాడు స్వయముగా సరిచూచుకొనవలెను. కంట్రాక్టరు జీతమివ్వనిచో అసలు యజమాని ఇవ్వవలసియుండును.

అయిదు: పనిలో దెబ్బతగిలినపుడు ఆసుపత్రి చీటీలు, పనికి సంబంధించిన ఫోను సందేశములు భద్రపరచి కార్మిక శాఖ కార్యాలయమునకు వెంటనే తెలుపవలెను.

ఉప్పు బస్తా మోసినను, మందుల పెట్టె చేర్చినను అది గౌరవమైన శ్రమయే. దూరపు ఊరికి పోవువానిని వలదని ఆపుట పంచాయతీ పని కాదు. అతడు లెక్క తెలిసి, పేరు నమోదు చేసికొని, బీమాతో బయలుదేరునట్లు చూచుట మాత్రము తప్పక పంచాయతీ పనియే. రాబోవు గ్రామసభలో ఈ విషయమును చర్చకు పెట్టుట మంచి ఆరంభము కాగలదు.