ఫ్రీలాన్స్ రైటర్ అంటే ఖాళీగా ఉన్నట్టు కాదు.. రాత పని ఇచ్చేవాళ్లు, చేసేవాళ్లు ఇద్దరూ తెలుసుకోవాల్సిన విషయాలివే!

‘ఇంట్లో కూర్చుని రాసుకోవడమే కదా, దానికంత డబ్బు ఎందుకు?’ తెలుగులో ఫ్రీలాన్స్‌గా రాత, ఎడిటింగ్ పనులు చేసేవాళ్లకు తరచూ ఎదురయ్యే ప్రశ్న ఇది. మరోవైపు, ‘డబ్బులిచ్చి ఎడిటింగ్ చేయించినా పుస్తకం నిండా తప్పులే’ అని వాపోయే రచయితలూ ఉన్నారు. చాలాసార్లు ఈ రెండు సమస్యలకూ కారణం ఒక్కటే. ఏ పని, ఎంతకు, ఎప్పటికి అన్నది ముందే మాట్లాడుకోకపోవడం. అసలు ఫ్రీలాన్స్ రైటర్, ఎడిటర్ ఏం చేస్తారు? ఆ రాతపై హక్కు ఎవరిది? డబ్బులు ఆగిపోతే చట్టం ఏం చెబుతోంది? వివరంగా చూద్దాం.

ఎడిటింగ్ వేరు.. ప్రూఫ్ రీడింగ్ వేరు

ఒక రిటైర్డ్ టీచర్ 200 పేజీల ఆత్మకథ రాశారనుకుందాం. ‘కాస్త ప్రూఫ్ చూసి పెట్టండి’ అంటూ ఒక ఎడిటర్‌కు ఇచ్చారు. తీరా చూస్తే చిన్ననాటి సంగతులు మూడు చోట్ల రిపీట్ అయ్యాయి. ఉద్యోగంలో చేరిన సంవత్సరం ఒక అధ్యాయంలో ఒకలా, ఇంకో అధ్యాయంలో మరోలా ఉంది. ‘మాస్టారూ, ఇది ప్రూఫ్‌తో పోయేది కాదండీ’ అని ఎడిటర్ అప్పుడే చెప్పాలి. మొహమాటపడి ఊరుకుంటే పుస్తకం వచ్చాక మాట పడేది ఆయనే.

ఇందులో మూడు రకాల పనులు ఉంటాయి. మొదటిది పుస్తకం నిర్మాణాన్ని సరిచేయడం. ఏ అధ్యాయం ముందుండాలి, ఏది తీసేయాలి, ఎక్కడ ఇంకా వివరం కావాలి అన్నది ఈ దశలోనే తేలుతుంది. రెండోది కాపీ ఎడిటింగ్. వాక్యం, వ్యాకరణం, పేర్లు, తేదీలు, పదాల వాడుకలో ఏకరూపత ఇందులోకి వస్తాయి. మూడోది ప్రూఫ్ రీడింగ్. పేజీలు డిజైన్ అయ్యాక ప్రింటింగ్‌కు వెళ్లేముందు అచ్చుతప్పులు పట్టుకునే చివరి చూపు అది. మొదటి పనికి వారాలు పడితే, చివరిది కొద్ది రోజుల్లో అయిపోవచ్చు. అందుకే మూడింటికీ ఒకే రేటు ఉండదు.

ఇవి కాక అనువాదం, డాక్యుమెంటరీలకు స్క్రిప్టు, కంపెనీల వెబ్‌సైట్లకు కంటెంట్, ఓటీటీ సినిమాలకు సబ్‌టైటిల్స్, వేరేవాళ్ల పేరుతో రాసిపెట్టే ఘోస్ట్ రైటింగ్ వంటి పనులూ ఫ్రీలాన్సర్లకు వస్తుంటాయి.

తెలుగుకే ప్రత్యేకమైన చిక్కులు

ఇంగ్లిష్‌లో స్పెల్ చెక్ చాలా తప్పులు పట్టేస్తుంది. తెలుగులో అంత సులువు కాదు. ‘అర్థం’ అంటే భావం, ‘అర్ధం’ అంటే సగం. ‘ప్రదానం’ అంటే ఇవ్వడం, ‘ప్రధానం’ అంటే ముఖ్యం. ఒక్క ఒత్తు తేడాతో అవార్డుల ప్రదానోత్సవం కాస్తా ‘ప్రధానోత్సవం’ అయిపోతుంది. విడిగా చూస్తే అర్థం, అర్ధం రెండూ సరైన పదాలే కాబట్టి కంప్యూటర్ ఊరుకుంటుంది. సందర్భాన్ని బట్టి పట్టుకోవాల్సింది మనిషే.

ఇంకో సమస్య ఫాంట్లది. డీటీపీ సెంటర్లలో ఏళ్ల తరబడి అను ఫాంట్లతో టైప్ చేసిన పుస్తకాలు ఎన్నో ఉన్నాయి. వాటిని యూనికోడ్‌లోకి మార్చేటప్పుడు ఒత్తులు, గుణింతాలు తారుమారు కావచ్చు. మూల ప్రతి బాగానే ఉన్నా, మార్చాక మళ్లీ మొదటి నుంచి చదవాల్సిందే. ఈ పనిని ఎవరూ ముందు లెక్కలోకి తీసుకోరు. చివరికి ఎడిటర్ నెత్తిన పడుతుంది.

ఇప్పుడు కొత్తగా వచ్చింది ఏఐ. ‘ఏఐ అనువాదం చేసేసింది, మీరు కాస్త సరిచేస్తే చాలు’ అంటున్నారు కొందరు క్లయింట్లు. కానీ పైకి సాఫీగా కనిపించే వాక్యంలో అర్థం తప్పి ఉంటే, మూలంతో పోల్చి లైన్ లైనూ చూడాలి. ఒక్కోసారి కొత్తగా అనువదించడమే తేలిక. అందుకే పని ఒప్పుకునే ముందు రెండు మూడు పేజీలు చూసి రేటు చెప్పడం మంచిది.

పదాల లెక్కలో మతలబు

రేటును పదానికి ఇంత, పేజీకి ఇంత, మొత్తం ప్రాజెక్టుకు ఇంత అని మూడు రకాలుగా మాట్లాడుకుంటారు. అనువాదంలో పదాల లెక్క అయితే జాగ్రత్త. తెలుగులో ‘వెళ్లలేకపోతున్నాను’ అన్నది ఒకే పదం. అదే ఇంగ్లిష్‌లో ‘ఐ యామ్ నాట్ ఏబుల్ టు గో’ అంటే ఆరు పదాలు. అంటే ఇంగ్లిష్ మూలాన్ని లెక్కపెడితే ఒక మొత్తం, తెలుగు అనువాదాన్ని లెక్కపెడితే అంతకన్నా తక్కువ మొత్తం వస్తుంది. ఏ భాష పదాలు లెక్కలోకి వస్తాయో ముందే రాసుకోకపోతే బిల్లు దగ్గర గొడవ తప్పదు.

పేజీ లెక్కలోనూ ఇంతే. అక్షరాల సైజు మారితే పేజీల సంఖ్య మారిపోతుంది. అందుకే పేజీకి ఎన్ని పదాలో చెప్పుకోవాలి. ఉచితంగా ఎన్నిసార్లు మార్పులు చేసిస్తారు, ఆ తర్వాత అదనంగా ఎంత అన్నదీ ముందే తేల్చుకోవాలి.

డబ్బులిస్తే హక్కు కూడా వచ్చేసినట్టేనా?

చాలామంది పొరపాటు పడేది ఇక్కడే. 1957 నాటి కాపీరైట్ చట్టం ప్రకారం రచనకు మొదటి హక్కుదారు రాసిన వ్యక్తే. ఉద్యోగిగా, ఉద్యోగంలో భాగంగా రాస్తే మాత్రం సాధారణంగా ఆ హక్కు యాజమాన్యానికి వెళ్తుంది. ఫ్రీలాన్సర్ ఉద్యోగి కాదు. కాబట్టి వేరే ఒప్పందం లేకపోతే, డబ్బు తీసుకుని రాసినా హక్కు రాసినవాళ్ల దగ్గరే ఉంటుంది.

హక్కు బదిలీ కావాలంటే అది రాతపూర్వకంగా, సంతకంతో ఉండాలి. నోటిమాట చెల్లదు. ఎన్నేళ్లకో రాయకపోతే 5 ఏళ్లకే ఇచ్చినట్టు, ఏ ప్రాంతానికో రాయకపోతే భారతదేశానికే పరిమితమైనట్టు చట్టం చూస్తుంది. కాబట్టి రాయించుకునే కంపెనీకైనా, పబ్లిషర్‌కైనా ఒప్పంద పత్రం అవసరమే. ఘోస్ట్ రైటింగ్‌లో అయితే పేరు ఎవరిది, గోప్యత ఎంతవరకు, పని మధ్యలో ఆగిపోతే ఎంత ఇవ్వాలి అన్నవి మొదటి రోజే కాగితం మీద పెట్టాలి.

బిల్లులో 10 శాతం ఎందుకు తగ్గింది?

కొత్తగా ఈ పనిలోకి వచ్చినవాళ్లు కంగారుపడే విషయం టీడీఎస్. ఒక కంపెనీ ఒక ఆర్థిక సంవత్సరంలో చెల్లించే ప్రొఫెషనల్ ఫీజు 50 వేల రూపాయలు దాటితే 10 శాతం టీడీఎస్ కట్ చేస్తుంది. 2025 ఏప్రిల్‌కు ముందు ఈ పరిమితి 30 వేలుగా ఉండేది. ఉదాహరణకు 60 వేల బిల్లుకు 6 వేలు కట్ అయి 54 వేలు చేతికొస్తాయి. పాన్ ఇవ్వకపోతే 20 శాతం పోతుంది.

అయితే ఆ 6 వేలు పోయినట్టు కాదు. మీ పాన్ ఖాతాలో జమ అవుతాయి. రిటర్న్ వేసినప్పుడు కట్టాల్సిన పన్నులో సర్దుబాటవుతాయి, ఎక్కువైతే రీఫండ్ వస్తుంది. ఇక సేవల విషయంలో సాధారణంగా ఏడాది టర్నోవర్ 20 లక్షలు దాటితేనే జీఎస్టీ రిజిస్ట్రేషన్ తప్పనిసరి.

డబ్బులు ఆపేస్తే ఏం చేయాలి?

‘వచ్చే నెల చూద్దాం’ అనే మాట వినని ఫ్రీలాన్సర్ ఉండరు. దీనికి ఒక రక్షణ ఉంది. ఉద్యమ్ పోర్టల్‌లో సూక్ష్మ సంస్థగా రిజిస్టర్ చేసుకోవచ్చు. ఒక్కరే పనిచేస్తున్నా, సేవల విభాగంలో అవకాశం ఉంది. రిజిస్ట్రేషన్ పూర్తిగా ఉచితం.

2006 నాటి ఎంఎస్ఎంఈ చట్టం ప్రకారం, ఒప్పందంలో గడువు ఎంత రాసుకున్నా పని అందుకున్నవాళ్లు 45 రోజుల్లోపు డబ్బు చెల్లించాలి. గడువు రాసుకోకపోతే 15 రోజులే. దాటితే ఆర్బీఐ బ్యాంక్ రేటుకు మూడు రెట్లు, నెలనెలా చక్రవడ్డీతో ఇవ్వాల్సి ఉంటుంది. ఇవ్వకపోతే రాష్ట్రంలోని ఫెసిలిటేషన్ కౌన్సిల్‌కు ఆన్‌లైన్‌లో ఫిర్యాదు చేయొచ్చు. బాకీ పడ్డాక కాకుండా, పని ఒప్పుకోకముందే రిజిస్టర్ చేసుకుంటే చిక్కులుండవు. పని అందినట్టు క్లయింట్ పంపిన ఈమెయిల్, ఇన్‌వాయిస్ దాచుకోవాలి. ఫోన్లో మాట్లాడుకున్నవి సాక్ష్యంగా నిలబడటం కష్టం.

పెద్ద పనికైతే మూడో వంతు అడ్వాన్సు, సగం పని ఇచ్చాక మరో మూడో వంతు, ఫైనల్ ఫైలుకు ముందు మిగతాది అన్న పద్ధతి ఇద్దరికీ మేలు.

పని ఇచ్చేవాళ్లు ఏం చూడాలి?

పత్రికా డెస్కులో పదేళ్లు చేసిన వ్యక్తి వార్తను చకచకా దిద్దగలరు. అదే వ్యక్తి నవలకు సరిపోతారని గ్యారంటీ లేదు. రాయలసీమ యాసలో రాసిన కథను పత్రికా భాషలోకి మార్చేస్తే తప్పులు పోవు, కథే పోతుంది. కాబట్టి అనుభవం ఎన్నేళ్లని అడిగి ఊరుకోకుండా, మీ పుస్తకం లాంటిది ఇంతకుముందు చేశారా అని అడగండి. రెండు పేజీలు ఇచ్చి శాంపిల్ చేయించుకోండి. దానికీ ఎంతో కొంత ఇవ్వడం మర్యాద.

మంచి ఎడిటర్ దిద్దిన పేజీలో మార్పులన్నీ ట్రాక్ చేసి కనిపిస్తాయి, పక్కన ప్రశ్నలుంటాయి. ‘ఇక్కడ మీ నాన్నగారి ఊరు వేరేలా ఉంది, ఏది సరైంది?’ అని అడిగే ఎడిటర్ దొరికితే వదులుకోకండి. సొంతంగా పుస్తకం వేసుకునేవాళ్లు ఇంకో విషయం గుర్తుంచుకోవాలి. మన దేశంలో ఐఎస్‌బీఎన్ నంబర్‌ను కేంద్ర ప్రభుత్వ ఏజెన్సీ ఉచితంగానే ఇస్తుంది. దానికి వేలల్లో ఫీజు అడిగితే ఆ డబ్బు దేనికో నిలదీయండి.

గమనిక: ఈ కథనం అవగాహన కోసం మాత్రమే. పన్నులు, ఒప్పందాల విషయంలో నిర్ణయం తీసుకునే ముందు ఆడిటర్‌ను లేదా న్యాయవాదిని సంప్రదించండి.