గ్యాసా, కరెంటా, బ్యాటరీనా?

ఖఫ్జీలో మనవాళ్ళు నలుగురైదుగురు కలిసి ఉండే ఏ గదికి వెళ్ళినా గ్యాస్ బండ, ఎక్స్‌టెన్షన్ బోర్డు, దానికి వేలాడే ఫోన్లు పది అడుగుల లోపే కనిపిస్తాయి. ఊరి నుండి ఫోన్ వస్తే మాత్రం "గ్యాస్ కట్టేశావా?" అనే అడుగుతారు. మన భయం సరైన చోటే ఉందా?

ఇక్కడికి ఉత్తరాన, సరిహద్దు దాటాక కువైట్‌లోని మంగాఫ్ ఉంది. 2024 జూన్ 12 తెల్లవారుజామున అక్కడ కార్మికులుండే భవనం కాలిపోయి సుమారు 50 మంది చనిపోయారు. వారిలో 40 మందికి పైగా భారతీయులే, మన తెలుగువాళ్ళూ ఉన్నారు. మంటలు వంటగదిలో మొదలయ్యాయని మొదట వార్తలొచ్చాయి. దర్యాప్తులో తేలింది మాత్రం కింది అంతస్తులోని వాచ్‌మన్ గదిలో షార్ట్ సర్క్యూట్ అని.

ముందు లెక్క చూద్దాం. మన ఊళ్ళో వాడే 14.2 కిలోల బండలోని శక్తిని కరెంటు బిల్లు భాషలో చెప్తే సుమారు 180 యూనిట్లు. విద్యుత్ స్కూటర్ బ్యాటరీలో ఉండేది రెండు మూడు యూనిట్లు. ఫోన్‌లో యూనిట్‌లో యాభయ్యో వంతు. ఈ లెక్కన గ్యాసే పెద్ద భూతం. కానీ ప్రమాదాన్ని నిర్ణయించేది శక్తి ఒక్కటే కాదు, అది మనకిచ్చే హెచ్చరిక కూడా.

గ్యాస్ ముందుగా చెప్పి వస్తుంది. వాసన లేని వాయువుకి ఘాటైన వాసన కలిపేది అందుకే. గాలిలో అది సుమారు 2 నుండి 10 శాతం మధ్య ఉంటేనే అంటుకుంటుంది. గాలికన్నా బరువు కాబట్టి నేల మీద పరుచుకుంటుంది. వాసన వస్తే వాల్వు కట్టి, తలుపులు తెరిచి బయటికి రండి. ఏ స్విచ్చీ ముట్టుకోవద్దు, ఎగ్జాస్ట్ ఫ్యాన్‌ది కూడా. ఆ చిన్న నిప్పురవ్వ చాలు.

కరెంటు చెప్పదు. 2000 వాట్ల హీటర్ 230 వోల్టుల దగ్గర దాదాపు 9 ఆంపియర్లు లాగుతుంది. ప్లగ్గు వదులై అక్కడ అర ఓమ్ నిరోధం ఏర్పడిందనుకోండి: 9 × 9 × 0.5, అంటే 40 వాట్లు. గోడలో ఒక సోల్డరింగ్ ఐరన్ పెట్టి మర్చిపోయినట్టన్నమాట! ఎంసీబీ పడిపోతుందనుకుంటాం. పడదు, ఎందుకంటే దాని దృష్టిలో 9 ఆంపియర్లు మామూలే. ఇండియా నుండి తెచ్చిన గుండ్రటి పిన్నుల ప్లగ్గుని, ఇక్కడి సాకెట్‌లో పెన్నుతో పై రంధ్రం నొక్కి దూర్చేవాళ్ళు ఈ లెక్క గుర్తుంచుకోవాలి. ప్లగ్గు చేతికి వేడిగా తగిలినా, సాకెట్ గోధుమరంగుకి తిరిగినా అదే హెచ్చరిక.

బ్యాటరీ అసలు సమయమే ఇవ్వదు. లిథియం అయాన్ సెల్ దెబ్బతిని ఒక హద్దు దాటి వేడెక్కితే, ఆ వేడే లోపలి రసాయన చర్యల్ని పెంచుతుంది, అవి మళ్ళీ వేడిని పెంచుతాయి. దీన్నే థర్మల్ రన్‌అవే అంటారు. పక్క సెల్ అంటుకోవడానికి క్షణాలు చాలు. ఆరిందనుకున్నది గంటల తర్వాత మళ్ళీ రాజుకోవచ్చు. 2022 ఏప్రిల్‌లో విజయవాడలో పడకగదిలో ఛార్జింగ్‌కి పెట్టిన స్కూటర్ బ్యాటరీ పేలి ఇంటి యజమాని చనిపోయాడు. అదే ఏడాది సెప్టెంబరులో సికింద్రాబాద్‌లో కింద విద్యుత్ స్కూటర్ల షోరూమ్‌లో మంటలు లేస్తే, పొగ పైనున్న హోటల్‌లోకి ఎక్కి 8 మంది ప్రాణాలు తీసింది.

మంగాఫ్‌లోనూ చాలామందిని చంపింది మంట కాదు, పొగే. మేడ మీదికి వెళ్ళే తలుపుకి తాళం వేసి ఉంది. కాబట్టి "ఏది ఎక్కువ ప్రమాదం?" అన్నదానికన్నా "అది అంటుకుంటే నాకు దారి ఉందా?" అన్నదే అసలు ప్రశ్న. బ్యాటరీని మంచం కింద, గుమ్మం దగ్గర, మెట్ల కింద ఛార్జ్ చేయకండి. మెలకువగా ఉన్నప్పుడే చేయండి. హీటర్‌ని నేరుగా గోడ సాకెట్‌కే పెట్టండి. పొగ అలారం ఒకటి కొని బిగించండి. ఇవాళే ఒకసారి మేడ మీదికి వెళ్ళి, ఆ తలుపు తెరుచుకుంటుందో లేదో చూసి రండి.